బియ్యపు చిలకలు, బస్తాల సంసారం

వేసవి సెలవులు స్వదేశంలో గడిపి, పిల్లల బడులు తెరిచే వేళకు దోహా తిరిగివచ్చే తెలుగు కుటుంబాలలో చాలామందికి ఒక దృశ్యం పరిచితమే. తాళం తీసి వంటగదిలో దీపం వేయగానే పైకప్పు మూలనుండి గోరంత బూడిదరంగు పురుగు ఒకటి తడబడుతూ ఎగిరి, మిక్సీ వెనుక దాగుకొంటుంది. మరునాటికి అవి నాలుగవుతాయి. శనగపిండి డబ్బా మూత తీస్తే పిండి ఉండలు కట్టి, సాలెగూటి పోగుల వంటి దారాలతో మూతకు అంటుకొని వస్తుంది. ఇల్లాలికి ముందుగా కలిగేది సిగ్గు. ఎవరైనా చూస్తే ఏమనుకొంటారోనన్న బెంగ. తరువాత కోపం, ఆ పిండి అమ్మిన దుకాణదారుపైన. ఆ తరువాత మందు డబ్బా కోసం అంగడికి పరుగు. ఈ మూడింటిలో కోపానికి కొంత న్యాయం ఉన్నది. సిగ్గుకు ఆధారం లేదు. మందుకోసం పరుగు మాత్రం ప్రాణాపాయం వరకు పోగల పొరపాటు.

తెలుగునాట చిలక పురుగు అని వాడుకలో ఉన్న ఈ కీటకం సీతాకోకచిలుకకు దాయాది. ఇళ్ళలో కనిపించేది ఒకే జాతి కాదు. ముఖ్యంగా మూడు జాతులున్నవి. బియ్యం, జొన్నలు, రవ్వ ఇష్టపడే బియ్యపు చిలక ఒకటి. దాని శాస్త్రీయ నామం కార్సైరా సెఫలోనికా. దీని రెక్కలు అంతటా ఒకే మట్టిరంగులో ఉంటాయి. రెక్క మొదటి సగం లేతగా, చివరి సగం రాగిరంగులో మెరిసేది ప్లోడియా ఇంటర్‌పంక్టెల్లా. పిండి, జీడిపప్పు, ఎండు ద్రాక్ష, చాక్లెట్, చివరకు పెంపుడు పక్షుల గింజలు కూడా దానికి ఆహారమే. మూడవది ఎఫెస్టియా కాటెల్లా. నిల్వ ఖర్జూరాలను పాడుచేసే పురుగుగా అరబ్బు దేశాలలో దీనికి చిరకాలంగా అపకీర్తి కలదు. అనగా దోహాలోని తెలుగు వంటింటిలో ఎగిరే చిలక గుంటూరునుండి పెట్టెలో రావచ్చు, వీధి చివరి అంగడినుండి రావచ్చు, పండుగనాడు పొరుగువారు ప్రీతితో పంపిన ఖర్జూరపు పొట్లంలోనూ రావచ్చు.

ప్లోడియాకు ఆంగ్లంలో ఇండియన్ మీల్ మాత్ అని పేరు. ఈ పేరు విని, ఇది భారతీయుల ఇళ్ళనుండి లోకమంతా పాకిన పురుగని భావించే పరదేశీయులున్నారు. విచారకరమేమంటే, అట్లా నమ్మి తలదించుకొనే భారతీయులూ ఉన్నారు. నిజానికి ఆ పేరుకు భారతదేశంతో సంబంధమే లేదు. న్యూయార్కు రాష్ట్ర కీటక శాస్త్రజ్ఞుడు ఆసా ఫిచ్ 1856లో ఈ పురుగు మొక్కజొన్న పిండిని తినడం గమనించి ఆ పేరు పెట్టాడు. ఆనాటి అమెరికాలో మొక్కజొన్న పిండిని ఇండియన్ మీల్ అనేవారు. అక్కడి ఆదివాసులు పండించిన ధాన్యమని దాని అర్థం. కొలంబస్ చేసిన పొరపాటు ఒకటి, మూడున్నర శతాబ్దాల తరువాత పురుగు పేరులో చేరి, నేటికీ ప్రవాస భారతీయుల గడపలో ఎగురుతున్నది.

పరిశుభ్రతకు, ఈ పురుగుకు సంబంధం చాలా స్వల్పం. బియ్యపు గింజ మీద పెట్టిన గుడ్డు అర మిల్లీమీటరు మాత్రమే. ఏ ఇల్లాలి చాటా దానిని పట్టుకోజాలదు. మిల్లులో గాని, గోదాములో గాని, ఓడలో గాని చేరిన గుడ్డు, అంగడిలో సంచీ కొనే వేళకే అందులో ఉండవచ్చు. అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ గోధుమపిండికి విధించిన హద్దు చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. 50 గ్రాముల పిండిలో సగటున 75 గాని అంతకు మించి గాని పురుగు తునకలు ఉన్నప్పుడే ఆ సంస్థ చర్యకు పూనుకొంటుంది. పురుగు బొత్తిగా లేని ధాన్యం లోకంలో దొరకదని ఆ సంస్థే అంగీకరించిందన్నమాట. అందుచేత డబ్బాలో పురుగు కనబడగానే అత్తగారు కోడలి పనితనాన్ని శంకించనక్కరలేదు.

అయితే మందు చల్లితే నష్టమేమి? ముందు ఆ పురుగు జీవితం ఎట్టిదో చూడవలెను. రెక్కలు వచ్చిన చిలక ఏమీ తినదు. అది బ్రతికేది ఒకటి రెండు వారాలు. ఆ కాలంలో ఆడ చిలక వంద మొదలు నాలుగు వందల వరకు గుడ్లు పెడుతుంది. తినేది, పాడుచేసేది లోపలి గొంగళి. అది పప్పు గింజల నడుమ తన గూటిలో భద్రంగా ఉంటుంది. ఎదిగిన పిదప తిండిని వదలి, గోడ వెంట పాకి, పైకప్పు అంచున, డబ్బా మూత గాడిలో, అల్మరా మేకు రంధ్రంలో పట్టుపురుగు వలె గూడు కట్టుకొంటుంది. గాలిలోకి చిమ్మిన మందు చంపేది ఎగిరే ముసలి చిలకను మాత్రమే. దాని పని అప్పటికే ముగిసి ఉంటుంది. గొంగళికి ఆ మందు చేరదు. చేరవలెనంటే తినే పిండిలోనే కలపవలెను. చల్లిన మందు మిగిలేది అరల మీద, గిన్నెల మీద, పాకే పసివాడి అరచేతుల మీద. పైగా ఈ జాతి మందుకు అలవాటుపడడంలో దిట్ట. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి విషాన్ని సయితం పురుగులు తట్టుకోగలవని తొలిసారి 1985లో నిరూపించినది అమెరికా ధాన్యపు కొట్లలోని ఈ ప్లోడియాయే. ప్రత్తి రైతులకు బీటీ అన్న రెండక్షరాలుగా పరిచయమైనది ఆ సూక్ష్మజీవే. 1911లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బెర్లినర్ దానిని వర్ణించినది కూడా తురింజియా ప్రాంతపు పిండిమరలోని చిలక గొంగళి శరీరంనుండే. పిండి చిలకనుండి వరంగల్లు ప్రత్తి చేను వరకు సాగిన ఆ కథ వేరొక వ్యాసానికి తగినది.

గొంగళి పళ్ళ బలం కూడా తక్కువది కాదు. పాలిథిన్ సంచీని అది అవలీలగా తొలుస్తుంది. 2014లో చైనా శాస్త్రజ్ఞులు ఈ గొంగళి ప్రేగులనుండి పాలిథిన్‌ను కొద్దికొద్దిగా జీర్ణించుకోగల సూక్ష్మజీవులనే వేరుచేశారు. సంచీ మూతికి రబ్బరు బ్యాండు చుట్టి నిశ్చింతగా విమానమెక్కే గృహస్థులు ఈ వార్తను గమనింతురు గాక!

పూర్వం ఏడాది గ్రాసం ఇంట నిలువ చేసిన పెద్దలకు ఈ బాధ లేదా అని అడుగవచ్చు. ఉండేది, కాని వారి పద్ధతి వేరు. గాదెలో నిలువ ఉన్నది వడ్లు, బియ్యం కాదు. పొట్టు ఆ గింజకు కవచం. దంచుకొన్నది వారానికి సరిపడా. పిండి అవసరమైన నాడు తిరగలి తిప్పేవారు. పిండి నెలల తరబడి నిలువ ఉండడమన్న మాటే లేదు. కందులకు ఎర్రమట్టి పట్టించేవారు, పప్పుకు ఆముదం రాసేవారు. ఆ నూనె పొర మీద పుచ్చు పురుగు గుడ్డు బ్రతకదు. రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాలలో జొన్నలను భూమిలో పాతర వేసేవారు. గట్టిగా మూసిన పాతరలో గింజలు, బూజు, పురుగులు కలిసి ప్రాణవాయువును హరించి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఊపిరి ఆడక పురుగు చస్తుంది. పాతర తెరచిన వెంటనే మనిషి లోనికి దిగరాదన్న కట్టుబాటు అందుకే వచ్చింది. అన్నిటినీ మించి వేసవిలో ఎండ, చాట, జల్లెడ, వాటిని పట్టే నాలుగు చేతులు ఉండేవి.

ప్రవాస కుటుంబం ఆ సంప్రదాయంలో సగమే వెంట తెచ్చుకొన్నది. ఏడాదికి సరిపడా నిలువ చేయడమన్న కోరిక మిగిలింది. నిలువను కాపాడిన పద్ధతులు మిగలలేదు. ఊరినుండి వచ్చే పెట్టెలో గింజలకంటె పొడులు, పిండ్లే అధికం: మర పట్టించిన రాగిపిండి, మినపసున్ని, శనగపిండి, బియ్యపురవ్వ. పగిలిన గింజ, నలిగిన పిండి బియ్యపు చిలకకు అమృతప్రాయం. అవి చేరేది ఎండ తగలని ఫ్లాటులోని కొయ్య అల్మరాకు. ఇంటివారు సెలవులకు వెళుతూ సామాను బూజు పట్టకుండా ఏసీని 27, 28 డిగ్రీల దగ్గర ఉంచి వెళతారు. చిలకకు అంతకంటె సుఖమైన అత్తవారిల్లు వేరొకటి లేదు. ఆ వేడిమిలో గుడ్డునుండి రెక్కల పురుగు కావడానికి పట్టేది నాలుగైదు వారాలు. రెండు నెలల సెలవు పూర్తయ్యేసరికి మనుమలు కూడా ఎగురుతుంటారు.

ఈ నిలువ కోరికను ఊరక పరిహసించడం న్యాయం కాదు. 2017 జూన్ 5న సౌదీ అరేబియాతో ఉన్న ఏకైక భూ సరిహద్దు మూతపడినప్పుడు దోహా అంగళ్ళ అరలు గంటలలో ఖాళీ అయిన సంగతి నాటివారు మరువలేదు. ఆ సరిహద్దు తిరిగి తెరుచుకొన్నది 2021 జనవరిలో. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు, అమెరికాలో సోనా మసూరి బస్తాల కోసం తెలుగువారు బారులు తీరిన దృశ్యాలను లోకమంతా చూచింది. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం తొలగింది. ఆనాడు కొన్న పదేసి బస్తాలలో చివరివి ఏ స్థితిలో పొయ్యి ఎక్కినవో ఆ ఇళ్ళవారికే ఎరుక. భయం వేసినప్పుడు కొన్న బియ్యం భయం తీరిన తరువాత కూడా అల్మరాలోనే ఉంటుంది. ఖతర్‌లో సోనా మసూరి, కందిపప్పు, మినపగుళ్ళు సాధారణ కాలంలో ఏ వారమైనా దొరుకుతున్నవి. కుటుంబానికి ఒక నెలకు మించిన పప్పు, పదిహేను రోజులకు మించిన పిండి ఇంట ఉంచుకొనడం పురుగుకు ముందుగా విందు సిద్ధం చేయడమే.

ఇక అసలు ప్రమాదం మందులది. తెలుగు ఇళ్ళలో బియ్యానికి బోరిక్ పొడి పట్టించే అలవాటు నేటికీ ఉన్నది. అది బొద్దింకలను చంపే విషం. కడిగితే పోతుందిలే అన్నది సమాధానం కాదు. ఒకనాడు తొందరలో సరిగా కడగని బియ్యం పసిబిడ్డ గుజ్జన్నంలోకి పోవచ్చు. అంతకంటె భయంకరమైనది పల్లెల్లో సెల్ఫాస్ మాత్ర అని పిలిచే అల్యూమినియం ఫాస్ఫైడ్. వడ్ల బస్తాల నడుమ గుడ్డలో కట్టి పెట్టే ఆ మాత్రను చూచి పెరిగినవారికి అది చనువైన వస్తువే. గాలిలోని తేమ తగలగానే అది ఫాస్ఫీన్ అనే వాయువును వదులుతుంది. మూడు గ్రాముల మాత్రనుండి ఒక గ్రాము వాయువు. భారత ఆహార సంస్థ గోదాములలో శిక్షణ పొందినవారు టార్పాలిన్లు కప్పి, రోజుల తరబడి మూసి, తిరిగి గాలి ఆడించి దానిని వాడతారు. అక్కడ అది ఉపయోగకరమే. నివాస గృహంలో అది మృత్యువు. దానికి విరుగుడు మందు లేదు. గాలికంటె కొంచెం బరువైన ఆ వాయువు గోడ పగుళ్ళగుండా, ఏసీ గొట్టాల సందులగుండా పక్క ఇంటికి పాకుతుంది. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేపల వాసనో వచ్చినా రావచ్చు, రాకనూ పోవచ్చు. నీరు తగిలితే ప్రమాదకరమైన పదార్థాల వర్గంలో దానిని చేర్చిన విమానయాన నియమాల ప్రకారం ప్రయాణికుడు ఏ పెట్టెలోనూ తీసుకొనిపోరాదు. అయినా బియ్యం మూటలో ఒక మాత్ర వేసి పంపే ఆప్తులు ఊళ్ళలో లేకపోలేదు. ప్రేమతో పంపినదైనా పారవేయవలసినదే. అదీ చెత్తబుట్టలో కాదు, అసలు పెట్టెలోకే రానివ్వరాదు.

2019 అక్టోబరులో దోహాలో ఒక భారతీయ కుటుంబానికి చెందిన ఇద్దరు పసిపిల్లలు మరణించారు. తొలుత తిన్న ఆహారమే విషమైందని భావించారు. ఖతర్ ప్రజారోగ్య మంత్రిత్వశాఖ మాత్రం ప్రాథమిక పరిశోధనలు పురుగుమందు ప్రభావాన్ని సూచిస్తున్నవని తరువాత ప్రకటించింది. షార్జాలో పక్క ఫ్లాటులో వాడిన అల్యూమినియం ఫాస్ఫైడ్ వల్ల పిల్లలు మరణించిన వార్తలు కూడా గల్ఫ్ వాసులకు తెలియనివి కావు. ఆ మందును ఎక్కువగా తెచ్చేది నల్లుల కోసం. చిలకల కోసమని తెచ్చినా వాయువు ఒకటే. ఫాస్ఫీన్ సోకితే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలుగుతాయి. తల్లిదండ్రులు, కొన్ని వేళల వైద్యులు కూడా ముందు అనుమానించేది రాత్రి తిన్న భోజనాన్నే. ఇంటిలో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి వాంతులైతే, చుట్టుపక్కల ఎవరైనా మందు వేయించారా అన్నది మొదట అడుగవలసిన ప్రశ్న. పిల్లలను వెంటనే బయటి గాలిలోకి తెచ్చి, 999కి ఫోను చేసి, ఆ అనుమానాన్ని వైద్యులకు నోరు తెరచి చెప్పవలెను.

మందు లేకుండా చిలకను వదిలించడం సాధ్యమే; కావలసినది ఒక పూట పని, ఆరు వారాల ఓపిక. ముందు మూలం ఎక్కడున్నదో వెదకవలెను. అది సాధారణంగా రోజూ తెరిచే డబ్బాలో ఉండదు. నిరుడు సంక్రాంతికి తెచ్చి మరచిన నువ్వుల పొట్లంలోనో, పై అరలోని జీడిపప్పు పెట్టెలోనో ఉంటుంది. గూడు కట్టిన దానిని జాలి లేకుండా సంచీలో కట్టి ఆ పూటే భవనం వెలుపలి చెత్త పెట్టెలో వేయవలెను. అరల సందులు, మేకు రంధ్రాలు, మూతల గాడులు, పైకప్పు అంచులు వాక్యూమ్ యంత్రంతో పీల్చి, సబ్బునీటి గుడ్డతో తుడవవలెను. పైకప్పు సంగతి చాలామంది మరుస్తారు. అక్కడి గూడొక్కటి చాలు, కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

మిగిలిన పప్పులు, పిండ్లకు ఇంటిలోనే ఆయుధం ఉన్నది: ఫ్రీజరు. సున్నాకు దిగువ 18 డిగ్రీలలో వారం రోజులు ఉంచితే గుడ్డు మొదలు గొంగళి వరకు ఏదీ మిగలదు. పొట్లాలు పలుచగా పరచి ఉంచవలెను. పది కిలోల మూట నడిమికి చలి చేరడానికి రోజులు పడుతుంది. బయటికి తీసిన పిదప సంచీ విప్పకుండానే గది వేడిమికి రానివ్వవలెను. ఆగస్టు, సెప్టెంబరులలో దోహా గాలిలోని తేమ చల్లని పప్పు మీద నీరై నిలిస్తే పురుగు పోయి బూజు వస్తుంది. వేడి కూడా అట్లే పనిచేస్తుంది. బొంబాయి రవ్వను కొన్న రోజే దోరగా వేయించి పెట్టే అమ్మమ్మల అలవాటు రుచికోసమే కాదు. గుడ్లు ఆ బాణలిలోనే నశిస్తాయి. హైదరాబాదు చెంత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కందులను పారదర్శకమైన పాలిథిన్ సంచులలో ఎండకు కాచి పుచ్చు పురుగును అరికట్టవచ్చునని చూపారు. ఖతర్‌లో ఎండకు కరవా! మిద్దె మీదికి దారి లేని ఫ్లాటువారికి జులై మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు ఆ పనికి పనికివస్తుంది. పప్పును పలుచగా పరచిన పళ్ళెం అందులో ఉంచితే చాలు. అయితే మొలకలకు ఉంచుకొన్న పెసలను కాచకపోవడం మేలు, మొలకెత్తకపోవచ్చు. వాటికి ఫ్రీజరే తగును. పిండికి కూడా ఎండ పనికిరాదు, కనరెక్కుతుంది.

నిలువకు స్టీలు డబ్బా మంచిదే కాని దాని మూత సందు అప్పుడే పొదిగిన గొంగళికి రాజమార్గం. రబ్బరు వలయం ఉన్న గాజు సీసా గాని, బిగుతు మూత గల గట్టి ప్లాస్టిక్ డబ్బా గాని మేలు. అంగడి సంచీని యథాతథంగా అరలో పెట్టకూడదు. డబ్బాలో వేపాకు, ఎండుమిర్చి, లవంగాలు వేయడం వల్ల హాని లేదు. కొంత వెగటు కలిగించవచ్చునేమో గాని, లోపల ఉన్న గుడ్డును అవి చంపవు. అంగళ్ళలో దొరికే జిగురు అట్టల ఉచ్చుల గురించి ఒక హెచ్చరిక అవసరం. వాటిలో ఉండేది ఆడ చిలక వాసన. ప్లోడియా వదిలే ఆ రసాయనాన్ని శాస్త్రజ్ఞులు 1971లో గుర్తించారు. ఖర్జూరపు చిలకకు కూడా అదే పిలుపు. ఉచ్చుకు మగవే చిక్కుతాయి గనుక అది సంతతిని ఆపదు, పురుగు ఉన్నదీ లేనిదీ తెలుపుతుంది. బియ్యపు చిలకకు మాత్రం ఆ పిలుపు పట్టదు. దాని సంకేతాలు వేరు. బియ్యమే ప్రధానమైన తెలుగు వంటింట్లో ఉచ్చు ఖాళీగా ఉన్నదని పురుగు లేదనుకొనరాదు. విచిత్రమేమంటే, ఇంట్లో శత్రువైన ఈ బియ్యపు చిలకనే భారతదేశంలోని ప్రయోగశాలలలో జొన్న రవ్వ పెట్టి పెంచుతారు. దాని గుడ్లమీద ట్రైకోగ్రామా అనే సూక్ష్మమైన కందిరీగను పెంచి, ఆ గుడ్లను అట్టముక్కలకు అతికించి, వరి, చెరకు పొలాలలో కట్టడానికి రైతులకు ఇస్తారు. జర్మనీలో అటువంటి అట్టలను వంటింటి అరలలో పెట్టుకొనడానికే అమ్ముతున్నారు.

దోహాలో ఒంటరిగా ఇల్లుండేవారు కొద్దిమందే. విల్లాలను భాగాలుగా విడదీసి మూడు నాలుగు కుటుంబాలు ఉంటున్నవి. కార్మికులు గదికి ఆరుగురు చొప్పున ఒకే వంటశాల వాడుకొంటున్నారు. అటువంటి చోట ఒక ఇంటి సిగ్గు వేరొక ఇంటి ప్రమాదమవుతుంది. పురుగు పట్టిందని చెప్పుకోలేక, ఎవరికీ తెలియకుండా, అనుమతి లేని వానిచేత తక్కువ ధరకు రాత్రివేళ మందు పెట్టించే పనులు ఈ చాటుమాటు వల్లనే జరుగుతున్నవి. తెలుగు సంఘాలు వేసవి సెలవులకు ముందు జరిపే సమావేశంలో విమాన టిక్కెట్ల ముచ్చటతో పాటు పది నిమిషాలు ఈ సంగతికి కేటాయించడం ఉచితం. బయలుదేరే వారం ముందే పిండ్లన్నీ వాడి ముగించడం, మిగిలినవి ఫ్రీజరుకు ఎక్కించడం ఒక్క రోజు పని. నల్లులకో, బొద్దింకలకో మందు వేయించక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు, అనుమతి గల సంస్థ చేతనే వేయించి, మందు పేరు, వేసే గంట, ఎంతసేపు బయట ఉండవలెనో ఒక కాగితం మీద రాసి, పక్క తలుపులు తట్టి అందించవలెను. ఆ కాగితం ఆంగ్లంలోనో, అరబ్బీలోనో, మలయాళంలోనో ఉంటే ఇంకా మంచిది. పక్క ఇంటి పిల్లలు ఏ భాషవారో మేడ మీది గృహస్థుకు అప్పటికైనా తెలిసివస్తుంది.